కాజాలూ గుండీలే మిగిలాయి

మా అక్క అబద్ధాలాడదు. టైలరు కాబట్టి బట్టలు ఎప్పుడిస్తుందో చెబుతుంది, అంతే.

షాపు మా నాన్నది. ఆయన పోయాక కత్తెర అక్క చేతికొచ్చింది. కత్తెరతోపాటే ఒక మాట కూడా వచ్చింది. ఎవరొచ్చి "మా కోటు ఎంతవరకొచ్చిందమ్మా?" అని అడిగినా, "అయిపోయినట్టేనండీ, కాజాలూ గుండీలే మిగిలాయి" అనేది. గుండీ దూరే కంతని మేం కాజా అంటాం. అసలు సంగతేమిటంటే, ఆ బట్ట అప్పటికి కత్తెర మొహం కూడా చూసి ఉండదు. వాళ్లు తెచ్చిన సంచీలోనే, వాళ్లు వేసిన ముడితోనే, బల్ల కింద పడి ఉంటుంది. అడిగినవాళ్లు తలూపి వెళ్లిపోయేవాళ్లు. ఊరందరి చెవుల్లో ఇంత సులువుగా పూలు పెడుతున్నందుకు అక్కకి లోలోపల గర్వంగానే ఉండేది.

కుట్టు మాత్రం గొప్పగా కుడుతుంది. అందుకే పని పెరిగింది. బల్ల కింది సంచులు బల్ల మీదికెక్కి, అక్కణ్నుంచి మెట్ల మీదికి పాకాయి. ఒకాయన ప్యాంటు ఇంకొకాయన ఇంటికి వెళ్లిపోయి, అక్కడే స్థిరపడింది. సరిగ్గా అప్పుడే, కొత్తగా కడుతున్న హోటలు మేనేజరు వచ్చి తన సిబ్బంది యూనిఫారం కోట్లన్నీ మాకే అప్పగించాడు. ఆ ధైర్యంతో అక్క ఊరి ఆ చివర రెండో షాపు తీసుకుంది. దాని బోర్డు మీద నాన్న పేరు కాకుండా తన పేరు రాయించుకుంది. హోటలు పని చెడితే ఆ షట్టరు దించెయ్యాల్సిందే. ఆ భయం అక్క పైకి అనేది కాదు. బోర్డు ఫొటో మాత్రం ఫోన్లో పెట్టుకుని, ఖాళీ దొరికినప్పుడల్లా వేళ్లతో పెద్దది చేసి చూసుకునేది.

రెండు షాపులు ఒక బుర్రలో పట్టవు, కంప్యూటరు పెడదామన్నాను నేను. నాకు కుట్టు రాదు. ఇంట్లో నాలుగు మెతుకులు మర్యాదగా తినాలంటే కంప్యూటరు తప్ప నాకు వేరే దారి లేదు.

సాఫ్ట్‌వేరు అమ్మినతను ఏమడిగినా "డెమోలో చూశాం కదా సార్" అనేవాడు. అందుకని అతన్ని డెమో అనే పిలిచేవాళ్లం. బట్ట రాగానే కంప్యూటర్లో ఎక్కించాలట. తర్వాత కత్తిరింపు, కుట్టు, గుండీలు, సిద్ధం, ఇలా ఏ దశకొస్తే ఆ దశ మీద నొక్కాలట. నొక్కగానే కస్టమరు ఫోనుకి మెసేజి పోతుంది. దారాలో గుండీలో తక్కువైతే కంప్యూటరే తెప్పించేస్తుంది.

"ఇక మీరు నోరు తెరవక్కర్లేదు మేడమ్," అన్నాడు డెమో.

అక్క మురిసిపోయింది. మరుసటి రోజు బల్ల కింద, బల్ల మీద, మెట్ల మీద ఉన్న సంచులన్నీ నేనే ఎక్కించాను. ఉన్నది ఉన్నట్టు నొక్కాను. ఊళ్లో సగం మంది ఫోన్లకి ఒకేసారి మెసేజి వెళ్లింది: 'మీ బట్ట మా దగ్గర ఉంది. పని ఇంకా మొదలుపెట్టలేదు.'

గంట తిరక్కుండా షాపు నిండిపోయింది. అందరికంటే ముందు రిటైరైన లెక్కల మాస్టారు ఒంటికాలి మీద లేచాడు.

"ఏమమ్మా, పోయిన నెల నుంచీ కాజాలూ గుండీలే అంటున్నావు. ఆ కాజాలు దేనికి కుడుతున్నావు, గాలికా?"

"అది కంప్యూటరు పొరపాటండీ," అని నీళ్లు నమిలింది అక్క.

"పొరపాటో గ్రహపాటో! ఇలా మొహం మీద కొట్టినట్టు రాస్తారా? మర్యాదగా గుండీలని చెప్పొచ్చుగా?"

ఆ చివరి మాట కొంచెం వింతగా అనిపించింది గానీ, అప్పుడు దాన్ని పట్టించుకునే తీరిక మాకు లేదు.

జనం వెళ్లాక అక్క డెమోకి ఫోను చేసింది. "ఆ మెసేజి మార్చండి. బట్ట ఎక్కడున్నా సరే, గుండీలే మిగిలాయని పోవాలి."

"కుదరదు మేడమ్. దశని బట్టే మెసేజి. డెమోలో చూశాం కదా."

అక్క ఫోను పెట్టేసి నావైపు తిరిగింది. "అయితే దశే మార్చు. బట్ట గుమ్మం దాటి లోపలికి రాగానే గుండీల మీద నొక్కెయ్."

నొక్కేశాను. ఊరు చల్లబడింది. పాత షాపులో మాకు ఇబ్బందేమీ రాలేదు. అక్కడ బట్ట కత్తిరించే కటింగు మాస్టరు కంప్యూటరు వైపు చూడనే చూడడు, సంచీ ఎత్తి చూసి పని మొదలుపెడతాడు. కొత్త షాపులో పెట్టిన కొత్త మాస్టరు అలా కాదు. బుద్ధిమంతుడు, తెర మీద ఏముంటే అదే వేదం. మా ఇంటి అలవాటు అతనికి ఎవరూ చెప్పలేదు. ఏమని చెబుతాం?

హోటలు బట్ట తానులు తానులుగా దిగింది. పాత షాపులో పెట్టడానికి చోటు లేక కొత్త షాపుకి పంపించాం. పాత షాపు పనిలో పడి మేమిద్దరం అటువైపు వెళ్లనేలేదు. కంప్యూటర్లో మామూలుగానే గుండీల మీద నొక్కాను. అదే వారం రెండు షాపులకీ గుండీలు బస్తాల్లో వచ్చి పడ్డాయి. కంప్యూటరు లెక్కలో ఊళ్లోని బట్టలన్నీ గుండీల దగ్గరే ఆగి ఉన్నాయి మరి.

"చూశావా, దీనికెంత ముందుచూపో!" అంది అక్క.

చెప్పిన రోజు దగ్గరపడింది. హోటలు మేనేజరు ఫోను చేశాడు. "ఎంతవరకొచ్చింది మేడమ్?"

అక్క తెరవైపు చూసింది. "కాజాలూ గుండీలే మిగిలాయండీ," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో ఎన్నడూ లేని ప్రశాంతత కనిపించింది. జీవితంలో మొదటిసారి ఆ మాటని నమ్మి అంది. తాను ఎక్కించమన్న అబద్ధాన్ని తానే చదివి నమ్మేసింది! చదివినవాళ్లలో నేనూ ఉన్నాను, నేనూ నమ్మాను.

ఆ మధ్యాహ్నం ఇద్దరం పొంగిపోతూ కొత్త షాపుకి వెళ్లాం. షాపు అద్దంలా ఉంది. గుండీలన్నీ రంగుల వారీగా డబ్బాల్లో సర్ది ఉన్నాయి. సూదులన్నిటికీ దారం ఎక్కించి ఉంది. కొత్త మాస్టరు తానుల మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"కోట్లేవయ్యా?" అంది అక్క.

"మీరింకా పంపలేదు కదమ్మా," అన్నాడు అతను, గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడుతూ. "కత్తిరించి కుట్టేసినట్టు కంప్యూటర్లో చూశాను. గుండీలకి పంపుతారని రోజూ ఎదురుచూస్తున్నాను."

"మరి నువ్వు కూర్చున్న ఈ బట్ట ఏంటనుకున్నావు?"

"మిగిలిందేమో అనుకున్నానమ్మా."

అక్క అదే తాను మీద కూలబడింది. కొత్త మాస్టర్ని ఒక్క మాట అనడానికి కూడా మాకు మొహం లేదు. అక్క లేచి చీర సవరించుకుంది.

"పద, హోటలుకి వెళ్దాం."

"ఏం చెబుతావు?"

"ఏం చెప్పాలో తెలిస్తే వణుకెందుకొస్తుందిరా?"

మేనేజరు గది ఇంకా సున్నం వాసన కొడుతోంది. అక్క కుర్చీలో కూర్చోలేదు. "మీ బట్టకి ఇంకా కత్తెర పడలేదండీ," అంది. "గుండీల మాట అబద్ధం. తప్పు మాదే. పని వెనక్కి తీసుకుంటే తీసుకోండి." నాన్న పోయిన రోజు తర్వాత అక్క కళ్లలో నీళ్లు చూడటం అదే మొదలు.

మేనేజరు తాపీగా పెన్ను మూత పెట్టాడు. "మా హోటలు తెరిచేది వచ్చే నెల చివర్లో మేడమ్," అన్నాడు.

"ఈ వారమే అన్నారు కదా!"

"మీకలా చెప్పాం. మా నాన్న పెళ్లికోటు మీ నాన్నగారే కుట్టారు. దాన్ని ఆయన నా మొదటి పుట్టినరోజుకి వేసుకున్నాడు. మీ షాపుకి వెళ్లేవాళ్లం ఎవరమైనా ఒక నెల ముందుకి జరిపే చెబుతాం. ఊళ్లో అందరికీ తెలిసిందే కదా?"

పని నిలబడింది. షట్టరు నిలబడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్క మాత్రం దారి పొడవునా తల వంచుకునే నడిచింది. మేనేజరు నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఇంటికొచ్చి అన్నం తినేదే.

"ఒక్కళ్లు కూడా నమ్మలేదటరా," అంది చివరికి. "ఇన్నేళ్లూ ఒక్కళ్లు కూడా!"

మరునాడు కంప్యూటర్లో అన్నీ నిజాలే నొక్కించింది. తెరని కస్టమర్లకి కనబడేలా తిప్పి పెట్టించింది. హోటలు పనికి రెండు షాపుల మిషన్లనీ పెట్టి, మేనేజరు చెప్పిన అసలు తేదీకి చాలా ముందే యూనిఫారాలన్నీ పూర్తి చేసింది. సిద్ధం మీద తనే స్వయంగా నొక్కింది. ఆ మెసేజి మా షాపు నుంచి పోవడం అదే మొదటిసారి. ఆమె వేలు తెర మీద కాసేపు అలాగే ఉండిపోయింది.

ఎవరూ రాలేదు. కోట్లు గోడలకి, తలుపులకి, ఫ్యానుకి కూడా వేలాడుతున్నాయి. వాటి మధ్య కొత్త మాస్టరు ఎక్కడున్నాడో పిలిస్తే గానీ తెలియడం లేదు. అక్క ఓపిక పట్టి పట్టి మేనేజరుకి ఫోను చేసింది.

"సిద్ధమని మెసేజి పంపాం, చూశారా?"

"చూశాను మేడమ్, చూశాను!" మేనేజరు హుషారుగా నవ్వాడు. "బాగా రాయించారు. మా వ్యాను బయల్దేరింది. దారిలోనే ఉంది, ఆ మలుపు తిరిగితే మీ షాపే."

అతని వెనకాల ఎవరో వ్యాను తాళాలెక్కడున్నాయని అరుస్తున్నారు.

అక్క ఫోను పెట్టేసి, కోట్లని పక్కకి తోసి స్టూలు లాక్కుంది.

"ఏమన్నాడు?" అని అడిగాను.

"దారిలో ఉందట," అంది అక్క. "అంటే వ్యానుకింకా కత్తెర పడలేదు."