ఎడమ భుజాన కేబుల్

భోజనాల బెల్లు మోగినా ఆమెను వదల్లేదు. కొలతల కోసం వెల్డింగ్ మిషను పక్కన మూడోసారి నిలబెట్టారు. గుండె దగ్గర చర్మం కింద పేస్‌మేకర్ పెట్టి రెండున్నర నెలలైంది. పెద్ద కరెంటుకు దూరంగా ఉండమని డాక్టరు రాసిచ్చాడు. ప్రమాదం లేదని లెక్క తేలితేనే మళ్లీ పనిలోకి తీసుకుంటామంది కంపెనీ. ఆమెకు భయమూ లేదు, ఆశా లేదు. నిలబడమన్న చోట నిలబడింది.

లెక్క కట్టే అమ్మాయి ల్యాప్‌టాప్ తిప్పి చూపించింది. తెరమీద బూడిదరంగు మగబొమ్మ, నిటారుగా, చేతులు కిందికి వేలాడేసుకుని. మిషనుకు కరెంటు మోసే లావుపాటి కేబుల్ వాడికి బారెడు దూరంలో ఉంది. దాని చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రం వాడి ఒంట్లోకి ఎంత చొరబడుతుందో రంగుల్లో కనబడుతోంది. ఛాతీ దగ్గరంతా నీలం.

"నీలమంటే ఏమీ కాదని, వదినా," అన్నాడు సూపర్‌వైజరు. సొంత మరిది. ఈ పని ఇప్పించింది తనేనని ఇంట్లో పూటకోసారి గుర్తుచేస్తుంటాడు.

"ఎవడయ్యా వీడు? ఒంటిమీద నూలుపోగు లేదు," అందామె. నవ్వలేదు.

"అందరికీ ఈ బొమ్మతోనే లెక్క కడతామండీ," అంది అమ్మాయి నసుగుతూ.

ఆ షెడ్డులో బారెడు దూరాన నిలబడి పనిచేసేవాళ్లు ఒక్కరూ లేరు. కేబుల్‌ను పైనుంచి మోసే స్ప్రింగు తెగి ఎనిమిది నెలలైంది. పట్టించుకున్న నాథుడు లేడు. ఆడవాళ్లంతా ఆ బరువు ఎడమ భుజాన వేసుకునే పనిచేస్తున్నారు. బొమ్మ భుజాన మాత్రం అది పడకుండా ఎంత జాగ్రత్త పడ్డారో చూడండి!

"ఐదు నిమిషాలు అలా దూరంగా నిలబడు వదినా. అమ్మాయి కొలుచుకుని పోతుంది. నువ్వు సంతకం పెట్టెయ్. ఏ ప్రమాదమూ లేదు, పూచీ నాది."

కాగితం చేతికిచ్చాడు. 'నేను రోజూ పనిచేసే తీరు ఇదే' అని ఉంది. ఆమె రెండుసార్లు చదివి, మడిచి మిషను మీద పెట్టింది.

"నేను చేసేది ఇలా కాదు," అంది.

కేబుల్ ఎత్తి ఎడమ భుజాన వేసుకుంది. అది సరిగ్గా పేస్‌మేకర్ మీదుగా దిగింది. కుడిచేత్తో వెల్డింగ్ గన్ను అందుకుని మీట మీద వేలు పెట్టింది.

"ఇప్పుడు కొలువమ్మా."

అమ్మాయి మీటరు పట్టుకుని వెనక్కి జరిగింది. మరిది "వద్దు వదినా!" అని అరుస్తూ పరుగెత్తి మెయిన్ స్విచ్ లాగేశాడు. లైట్లు ఆరిపోయాయి. ఫ్యాన్లు ఆగాయి. మిషన్ల మధ్య కూర్చుని తింటున్న ఆడవాళ్లు తలలెత్తారు.

ఆమె కేబుల్ దించలేదు.

"ప్రమాదం లేదన్నావుగా, ఎందుకాపావయ్యా?"