ఎర్ర జంపఖానాకు రెండో కర్ర

కోపం ఇంత దూరం పోతుంది సరే, ఆకలి ఎందుకు గడప దాటదు అనుకుంటూనే సంధ్యారాణి మళ్లీ ఫోన్ తెరిచింది. ఆమె తల్లి రాజవ్వ మాట్లాడిన వీడియో నేతకార్మికుల సంఘం పేజీలో అలాగే పడి ఉంది. జంపఖానా అంచున ఎక్కడో చిన్న మచ్చ ఉందని షావుకారు చంద్రమౌళి కూలి మొత్తం కోసేశాడని రాజవ్వ అందులో చెప్పింది. నెమ్మదిగా, ఎవరినీ తిట్టకుండా చెప్పింది. తమ నేతగాళ్ల పేట కొత్తవాడ దాటి ఎవరూ చూడలేదు.

దాని పైనే ముసలి నేతగాడు వెంకటరాజం వీడియో. మగ్గం అంటే ఏమిటో తెలియని ఊళ్లకు కూడా అది పోయింది. ఆ ఊళ్లన్నీ ఇప్పుడు ఆ ముసలాయన్ని తిడుతున్నాయి.

తీసింది తనే. కూలి కోతల మీద సమ్మె కట్టిన కొత్తలో, ముసురు పట్టిన రోజు, ఆయన ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినిపిస్తే కిటికీలోంచి ఫోన్ పెట్టింది. ఆయన తల తిప్పి నవ్వాడు.

"పడుగు వదులు జేత్తాన బిడ్డా. బిగిచ్చి ఇడిస్తె ఈ తేమకు పోగులు తెగుతయ్."

మగ్గం మీది పడుగు దారాలు వదులు చేయడం బట్ట నేయడం కాదన్నది నేతగాళ్ల ఇంట పుట్టిన పిల్లకు కొత్త సంగతి కాదు. అయినా పేజీలో పెట్టేటప్పుడు ఆ మాటను కోసేసింది. పైన 'సమ్మెలో మగ్గం ఎక్కిందెవరు?' అని రాసింది. ఆయన మీద ద్వేషమేం లేదు. ఎవరూ లేని గదిలో మాట్లాడీ మాట్లాడీ, చివరికి అరిచి చూసిన మనిషి స్థితి అది. అరిస్తేనే తలుపు తెరుచుకుంది.

తలుపు తెరిచింది మనిషి కాదు. ఈ వీడియోలు చూపించే కంపెనీ యంత్రానికి రాజవ్వ ఎవరో, వెంకటరాజం ఎవరో తెలియదు. ఎవరు ఎంతసేపు ఆగారన్నదే దానికి కావాలి. తిట్టడానికి వచ్చినవాడు, తనను తిరిగి ఎవరు తిట్టారో చూడటానికి మళ్లీ వస్తాడు. వచ్చిన ప్రతిసారీ వాడికి ఏదో ఒకటి అమ్మవచ్చు. అందుకే అది కోపాన్ని ఏరి, ఇంకో కోపిష్టి చేతిలో పెడుతుంది. చెమట మీద షావుకారు బతికినట్టే, ఆ కంపెనీ కోపం మీద బతుకుతుంది.

అంతమంది తన మాట విన్న రోజు నుంచి సంధ్యారాణికి ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. రాజవ్వ కంచం ముందర పెట్టి వెళ్లిపోతోంది. వెంకటరాజం ఇంటి కిటికీ మూతపడింది.

మర్నాడు సాయంత్రం సంఘం షెడ్డులో మీటింగు. సంధ్యారాణి సందు వాళ్లు ఒక గోడకు, వెంకటరాజం సందు వాళ్లు ఇంకో గోడకు కూర్చున్నారు.

"ఆ వీడియోతోనే గద మన సమ్మె నలుగురికి ఎరుకైంది," అన్నాడు కుర్ర నేతగాడు రాకేష్. "ఇంకోటి తియ్యి అక్కా. ఆ సందు భాస్కర్ గూడ షావుకారి ఇంటి దిక్కు పోతాండట."

"తియ్యి తియ్యి. రేపు మీ అయ్యది తియ్యి," అంది రాజవ్వ, రాకేష్ వైపు తిరిగి. "ఆయన బీడీలకు పోయేది గూడ అటు దిక్కే."

కొందరు నవ్వారు. వెంకటరాజం సందుకు చెందిన వీరభద్రం నవ్వలేదు.

"మా రాజం కాకను దొంగను జేసిండ్రు. రేపు ఊరేగింపుకు మా సందు నుంచి ఒక్కడు రాడు. ఎవలకు కావాల్నో ఆళ్లే నడువుండ్రి."

"గట్లయితె షావుకారికి పనే లేదు," అన్నాడు కార్యదర్శి సారంగపాణి. "కూసొని ఫోన్ల మనల్ని జూసుకుంట నవ్వుతాండు. సందుకో తీరుగ ఇడిపోతె సమ్మె రేపటితోని ఖతం. సంధ్యా, నువ్వేమంటవ్?"

అందరి కళ్లూ తనవైపు తిరిగాయి. లక్షల కళ్ల ముందు రాని వణుకు ఈ యాభై కళ్ల ముందు వచ్చింది.

"రాజం పెద్దబాపు బట్ట నెయ్యలే. పడుగు వదులు జేసిండు. నాకు చెప్పిండు గూడ. ఆ మాట నేనే కోసిన."

"మరి ఆ మాట గూడ పెట్టరాదు?" అన్నాడు రాకేష్, గొంతు తగ్గించి.

"పొద్దుగాలనే పాతది తీసేసి మొత్తం పెట్టిన. ఎవ్వలు జూస్తలేరు. తప్పయిందంటె ఎవలు ఆగుతరు తమ్మీ?"

రాజవ్వ లేచి చెప్పులేసుకుంది. "ఫోన్ల పోయిన మాట ఫోన్ల తిరిగి రాదు. కాళ్లతోని పోవాలె. నడువు."

దీపాలు పెట్టే వేళకు తల్లీకూతుళ్లు రెండు సందుల్లో గడప గడపకూ తిరిగారు. ప్రతి గడప ముందూ సంధ్యారాణి అదే మాట చెప్పింది. కొందరు కూర్చోమన్నారు. ఒకావిడ మొహం మీదే తలుపు వేసింది. వీరభద్రం అరుగు మీద కూర్చుని విన్నాడు. వెంకటరాజం తలుపు తీయలేదు.

మర్నాడు షావుకారి గోదాం మీదికి ఊరేగింపు. సంఘం పేరు నేసి, రెండు కర్రలకు కట్టిన ఎర్ర జంపఖానా ఎప్పుడూ జెండాలా ముందు నడుస్తుంది. దాన్ని నేసింది వెంకటరాజమే, ఒక కర్ర పట్టేదీ ఆయనే. ఈసారి రాడనుకున్నారు. వచ్చాడు. ఎవరి మొహమూ చూడకుండా తన కర్ర తను ఎత్తుకున్నాడు. రెండో కర్రను ఎవరూ ముట్టలేదు. ఆయన పక్కన నిలబడితే రేపు ఎవరి ఫోన్‌లో ఏమని వస్తుందోనని భయం. జంపఖానా రెండో కొస బురదలో ఈడ్చుకుపోతోంది. గోదాం ఎదుటి సందు మొగలో వీరభద్రం వాళ్లు చేతులు కట్టుకుని చూస్తున్నారు.

గోదాం మేడ మీద నుంచి గుమాస్తా ఫోన్ ఎత్తి పట్టాడు. "అగో, సమ్మె దొంగనే ముందట నడుత్తాండు. జర ఇటు జూడు తాతా."

గుంపు భగ్గుమంది. "అక్కా, లైవ్ పెట్టు, ఇది మస్తు పోతది," అన్నాడు రాకేష్. సంధ్యారాణి బొటనవేలు అప్పటికే తెర మీద ఆ చోటు వెతుక్కుంటోంది. వేలికి ఎంత అలవాటైపోయింది! పోతుంది, నిజమే. చాలా దూరం పోతుంది. ఈ ముసలాయన మాత్రం ఇక్కడే, ఈ బురదలోనే, ఒక్కడే ఉంటాడు.

ఫోన్ ఆపి సంచిలో వేసింది. వంగి రెండో కర్ర పట్టుకుంది.

"రెండు చేతుల్తోని పట్టు బిడ్డా," అన్నాడు వెంకటరాజం, ఆమె వైపు చూడకుండానే. "నీళ్లు తాగి బరువెక్కింది."

సందు మొగలో వీరభద్రం కట్టుకున్న చేతులు విప్పాడు. సంధ్యారాణి కర్రను భుజానికి ఎత్తుకుంది.