కొనేవాళ్ల కోసం ఉంచిన టీ

ఖాళీ ఇంట్లో కెటిల్ పక్కన టీ డబ్బా, రెండు కప్పులు ఉన్నాయి. ఫ్రిజ్‌లో చిన్న పాల సీసా. ఇల్లు కొనేవాళ్లు సామాను మోసి అలసిపోతారని, అద్దెకున్న జానీన్ ఉంచి వెళ్లింది. పాలు విరిగిపోయాయి గానీ, కొనేవాళ్లు మాత్రం రాలేదు.

ఇంటి యజమానురాలు వెండీ ఆ పాలు సింకులో వంచేసి ఓవెన్ తలుపు తీసింది. లోపల తళతళలాడుతోంది. పొమ్మన్న ఇంటిని ఇంతలా తోమి వెళ్లాలా? ఒక్క మరకైనా మిగిల్చి ఉంటే వెండీ ప్రాణానికి కాస్త హాయిగా ఉండేది.

మొగుడు డెరిక్ మోకాళ్లు అరిగిపోయాక, నెల్సన్‌లోని ఈ అద్దె ఇల్లు అమ్మేద్దామనుకున్నారు. లోను మీద స్థిరవడ్డీ గడువు తీరిపోయిందన్న ధీమాతో, తొమ్మిదేళ్లుగా ఉంటున్న జానీన్‌కు నోటీసిచ్చారు. ఆమె వెళ్లిపోయాక గానీ లాయరు బ్యాంకును లెక్క అడగలేదు. రెండేళ్ల కిందట మోర్‌కాంబ్‌లో సెలవులకు దిగిన చక్రాల ఇంటి మెట్ల మీద కూర్చుని, డెరిక్ ఫోన్‌లోనే మరో ఐదేళ్లకు అదే వడ్డీ ఖాయం చేయించి మరిచిపోయాడట. ఇల్లు అమ్మి గడువుకు ముందే లోను తీర్చేస్తే నాలుగు వేల పౌండ్ల జరిమానా. ఆగితే ఏటేటా తగ్గుతుంది.

"నాలుగు వేలు ఊరికే పారేసుకుంటామా?" అని అమ్మకం ఆపించింది వెండీయే. ఆ మాటే ఇప్పుడు ముల్లులా గుచ్చుతోంది.

"కొత్తవాళ్లకి అద్దెకిస్తే నెలకి ఇంకో రెండొందలు వస్తాయే" అన్నాడు డెరిక్ గుమ్మంలోంచి.

"ముందు జానీన్‌ని అడుగుతా."

"ఏమని? మాకు మా లోను సంగతే తెలీలేదు, మళ్లీ రా తల్లీ అనా?"

"అవును. అలాగే."

జానీన్ కోన్ అనే పక్క ఊళ్లో అక్క ఇంట్లో ఉంది. మంచం వేస్తే తలుపు తెరుచుకోని గదిలో తల్లీ, కూతురు ఎల్సీ. పిల్ల రెండు బస్సులు మారి పాత బడికే వెళ్తోంది. వెండీ అక్కడికి వెళ్లి, కూర్చోకుండానే ఉన్నదంతా చెప్పేసింది, నాలుగు వేల మాటతో సహా.

జానీన్ మడతపెడుతున్న బట్టను మంచం మీద పెట్టింది.

"అయితే మీకు జరిమానా ఉన్నన్నాళ్లే నాకు ఇల్లన్నమాట."

వెండీ తల ఊపింది. "మూడేళ్లు. ఆ తర్వాత అమ్మేస్తాం. అది దాచి నిన్ను పిలవలేను."

"అప్పుడు ఓవెన్ మళ్లీ నేనే తోమాలా?"

"నేను తోముతా."

"మీరా!" జానీన్ నవ్వింది గానీ ఆ నవ్వు కళ్లదాకా రాలేదు. "పాత అద్దెకేనా?"

"పాత అద్దెకే. మూడేళ్లూ పెంచను. కాగితం మీద రాసిస్తా."

"అప్పటికి ఎల్సీ బడి పూర్తవుతుంది. దాని కోసం వస్తున్నా, వెండీ. మీరు అడిగారని కాదు."

"తెలుసు."

వెండీ తలుపుదాకా వెళ్లాక వెనకనుంచి జానీన్ పిలిచింది.

"ఆ టీ డబ్బా అక్కడే ఉందా?"

"ఉంది. ముట్టుకోలేదు."

"శనివారం సామాను తెస్తాం. పాలు మీరు తెండి."