తెల్లారేసరికి చిన్నబోయే అక్షరాలు

హాల్వర్ లేక్ లైబ్రరీకి డైరెక్టరుగా వచ్చిన మొదటి వారంలోనే వెండెల్ షెల్‌స్టాడ్ ఒక ఘోరం కనిపెట్టాడు. చదువరుల కోసం పెట్టిన కంప్యూటర్లలో ఒకదాని తెర మీద ఎవరో తాము పట్టిన చేప ఫోటో పెట్టుకున్నారు. పక్కదాంట్లో అక్షరాలు గుమ్మడికాయలంత ఉన్నాయి.

మర్నాడే లైబ్రరీలో పనిచేసే మమ్మల్నందరినీ కూర్చోబెట్టి ఉపన్యాసం దంచాడు.

"ఇకనుంచి ప్రతి కంప్యూటరూ రోజూ పొద్దున నేను నిర్ణయించిన రూపంలోనే లేవాలి. ముందురోజు ఎవరేం కెలికినా దాని ఆనవాలు కూడా మిగలకూడదు."

కంప్యూటర్లు చూసుకునే మార్వా చెయ్యెత్తింది. "అన్నీనా?"

"అన్నీ."

"మీ గదిలోదీనా?"

వెండెల్ మావైపు తిరిగి ఛాతీ విరుచుకున్నాడు. "నేనేమన్నా రూలుకి అతీతుణ్ణా? ముందు నాదే చెయ్యి!"

మేం చప్పట్లు కొట్టాం. కొట్టకపోతే బాగుండదు కదా. మార్వా ఆ సాయంత్రమే అన్నింటినీ బిగించేసి, చెల్లెలి పురుడుకని సెలవు పెట్టి విన్నిపెగ్ వెళ్ళిపోయింది.

వెండెల్‌ది ఎడమచేతివాటం, పైగా చూపు అంతంతమాత్రం. మౌస్ మీటలు తన చేతికి తగ్గట్టు మార్చుకున్నాడు, అక్షరాలు పెద్దవి చేసుకున్నాడు. తెల్లారి వచ్చి చూస్తే అక్షరాలు ఆవగింజలైపోయాయి, మౌస్ కుడిచేతివాళ్ళ పక్షం చేరిపోయింది.

"బెర్నిస్! నా గదిలోకి ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు సార్. మొన్న మీటింగులో మీరు చెప్పిన..."

"సాకులొద్దు. నాకు పరిష్కారం కావాలి."

మర్నాడు మళ్ళీ చెప్పబోయాను. అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఆ తర్వాత నేనూ నోరు కుట్టేసుకున్నాను. అడగని మనిషికి చెప్పబోయి చీవాట్లు తినడం దేనికి?

ముందు ఊడ్చేవాణ్ణి అనుమానించాడు. గదికి కొత్త తాళం వేయించాడు. తర్వాత మినియాపొలిస్ నుంచి ఒక నిపుణుణ్ణి రప్పించాడు. ఆయన టై సవరించుకుని, అక్షరాలు పెద్దవి చేసి, సేవ్ నొక్కి, "ఇక దిగులు లేదు" అన్నాడు. సుష్టుగా భోంచేసి వెళ్ళాడు. ఒకసారి కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసి చూద్దామన్న ఆలోచన ఆ మహానుభావుడికి రాలేదు. తెల్లారి మళ్ళీ ఆవగింజలే. ఫోన్ చేస్తే, "అన్నీ తీసేసి కొత్తవి కొనండి" అని సలహా ఇచ్చాడట.

ఈ గొడవలో అసలు బాధ పడింది ఆర్డిస్ లుండీన్. ఈ ఊళ్ళో సగంమంది పిల్లల్ని తన స్కూలు బస్సులో బడికి తీసుకెళ్ళిన మనిషి. ఇప్పుడు చూపు మందగించింది. వెండెల్ మొదట చూసిన ఆ గుమ్మడికాయ అక్షరాలు ఆవిడ పెట్టించుకున్నవే. రోజూ వచ్చి హాకీ కబుర్లూ, ఊళ్ళో ఎవరెవరు పోయారన్నదీ చదువుకుంటుంది.

"ఏమే బెర్నిస్, నా కళ్ళు పోయాయా, మీ పెట్టెకే కళ్ళు పోయాయా?" అనేది. నేను వెళ్ళి మళ్ళీ పెద్దవి చేసేదాన్ని. నేను రాని రోజున ఆవిడ డైరెక్టరు గది తలుపు తట్టిందట. "కళ్ళజోడు మార్పించుకోండమ్మా" అని చెప్పి పంపాడట వెండెల్. అప్పటికి తన తెరకు ముక్కు ఆనించి కూర్చుని ఉన్నాడని ఆవిడే చెప్పింది.

చివరికి లైబ్రరీ పాలకమండలి సమావేశం వచ్చింది. దానికోసం వెండెల్ ముందురోజంతా కూర్చుని ప్రసంగం రాసుకున్నాడు. ఎప్పుడూ అందరి ఫైళ్ళూ చెరక్కుండా ఉండే ఉమ్మడి చోట దాచేవాడు, ఆవేళ హడావుడిలో తన తెర మీదే పెట్టి ఇంటికెళ్ళాడు. సమావేశం మొదలయ్యే ముందు వెళ్ళి చూస్తే తెర ఖాళీ. పాలిపోయిన మొహంతో హాల్లోకి వచ్చాడు.

"ఇది కుట్ర! నా ప్రసంగం ఎవరో చెరిపేశారు!"

అధ్యక్షురాలు హ్యారియెట్ ఓమ్‌డాల్ నావైపు చూసింది. "బెర్నిస్, నీకేమన్నా తెలుసా?"

ఇన్నాళ్ళకి నన్ను అడిగినవాళ్ళు దొరికారు. "తెలుసండీ. ఎవరేం పెట్టుకున్నా తెల్లారేసరికి చెరిగిపోవాలని డైరెక్టరు గారే ఆర్డరేశారు. ముందు తన గదిలోదే చెయ్యమన్నారు. మార్వా అలాగే చేసింది."

హాలు గొల్లుమంది. వెండెల్ చెవులు ఎర్రబడ్డాయి. ఒక్క నిమిషం నాకు జాలేసింది కూడా. కానీ ఆయన దాన్ని నిలవనివ్వలేదు.

"అయితే నా ఒక్క కంప్యూటరుకి మినహాయింపు ఇస్తే సరిపోతుంది. పదవికి తగ్గ అవసరాలుంటాయి కదా," అన్నాడు.

వెనక వరసలోంచి ఆర్డిస్ లేచింది.

"ఒరేయ్ వెండెల్! నీ కళ్ళే కళ్ళట్రా? మమ్మల్ని మాత్రం అద్దాలు మార్చుకోమంటావా? నా బస్సులోనూ ఇంతే, కిటికీ సీటు నీకే కావాలని పేచీ పెట్టేవాడివి!"

నవ్వులు ఆగాక హ్యారియెట్ తేల్చి చెప్పింది. ఆ కట్టుబాటు అందరికీ తీసెయ్యాలని, మార్వా రాగానే మొదట ఆర్డిస్ కూర్చునే కంప్యూటరు విప్పాలని. మార్వా వచ్చింది, విప్పింది. ఆర్డిస్ అక్షరాలు పెట్టినవి పెట్టినట్టే నిలిచాయి.

సమావేశం నివేదిక రాసింది మాత్రం వెండెలే. "చదువరుల ఇబ్బందిని డైరెక్టరు స్వయంగా గమనించి, సత్వరం పరిష్కరించారు" అని ఉంది అందులో. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకి ఆ చిక్కుముడిని తానెలా విప్పాడో ఆయనే కూర్చోబెట్టి చెబుతాడు. ఆ కథ మొదలవగానే నేను పుస్తకాల బండి తోసుకుంటూ అవతలి వరసలోకి వెళ్ళిపోతాను.