ఏడో పట్టికలో సున్నా

పదేళ్ల కిందట నాలుగడుగుల తొమ్మిదంగుళాలున్న భాగమ్మ ఇప్పుడు అయిదడుగుల ఒకంగుళం ఉంది.

రాహేలమ్మ చీటీని మళ్లీ చూసింది. నలభై ఒకటో నంబరు, కరణ్‌కోట, మల్లప్ప భార్య భాగమ్మ, 1952లో వయసు ఇరవై రెండు. కొలత చెక్కను గోడకు సరిగ్గా ఆనించి ఆమెను మళ్లీ నిలబెట్టింది. మడమలు ఆనించమంది, కొప్పు విప్పించింది. అయిదడుగుల ఒకంగుళమే వచ్చింది.

చావడి మెట్ల మీద కూర్చున్న శంకరమ్మ అనే ముసలామె నవ్వింది. "ముసలోళ్లయితె కుంగుతరు గని పెరుగుతరా? దీనికి పోయిన వానకాలం ఎరువేసిన్రేమో." కొలిపించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భాగమ్మ కూడా నవ్వింది. ఆమెకు ఆరో నెల.

రాహేలమ్మకు ఆ కొలత కావలసింది చివరి గడి నింపడానికి. 1952లో హైదరాబాదులోని ఒక పరిశోధన కార్యాలయం తాండూరులోనూ దాని చుట్టుపక్కల అయిదు పల్లెల్లోనూ నూట ఇరవై మంది పెళ్లయిన ఆడవాళ్లను ఎంచుకుని తలా ఒక చీటీ తెరిచింది. ఆరునెలలకోసారి బరువు చూడాలి, వేలికొన నుంచి రక్తం చుక్క తీయాలి, కానుపుల సంగతి రాయాలి, రక్తం తక్కువున్న వాళ్లకు ఇనుము మాత్రలివ్వాలి. పదేళ్లూ ఆ నూట ఇరవై మందినే చూడాలి. మొదటి నాలుగేళ్లు ఈ పని వేరొక నర్సు చేసింది. ఆమె బదిలీ మీద పోయాక 1956 నుంచి వికారాబాదు నర్సు రాహేలమ్మ చేస్తోంది. పొద్దున రైలుబండికి తాండూరులో దిగి అక్కడి నుంచి ఎడ్లబండి మీద పల్లెలకు పోతుంది.

ఇప్పుడు పదేళ్లు నిండాయి. నివేదిక టైపయింది. అందులో ఏడో పట్టిక కానుపు వల్ల చనిపోయిన వాళ్ల సంఖ్య. చీటీలు మూసినవి నాలుగు. ముగ్గురు జ్వరంతో, ఒకామె పాము కాటుతో పోయారు. కానుపు వల్ల పోయింది సున్నా. ఆ సున్నా చూసి రాహేలమ్మ లోలోపల సంబరపడింది. ఇనుము మాత్రలు గుర్తు చేసి మింగించింది తానే.

కానుపుల గది ఒకదానికి మంజూరు వచ్చేదుందని, దాన్ని తాండూరులో కట్టాలా, ఇంకో చోట కట్టాలా అన్నది ఈ పట్టికను బట్టే తేలుతుందని పెద్ద డాక్టరు మొహియుద్దీన్ ఆమెకు ముందే చెప్పాడు. సున్నా ఉన్న చోట కట్టరు. రాహేలమ్మ దానికి బాధపడలేదు. ఎవరూ చావని చోట గది లేకపోతే ఏం అనుకుంది. పంపేముందు డాక్టరు ఒక్క పని మిగిలిందన్నాడు. బరువుల పట్టికకు ఎత్తు కావాలి, అందరినీ మళ్లీ కొలుచుకు రమ్మన్నాడు.

పాత నర్సు తప్పు రాసి ఉంటుందని రాహేలమ్మ పెన్సిల్ తీసింది. అంకె కొట్టేయబోతుంటే భాగమ్మ అడ్డం వచ్చింది.

"కొట్టెయ్యకు సిస్టరమ్మా. గా ఎత్తు పెద్దామెది. ఆమె పొట్టిదేనంట."

"పెద్దామెవరు?"

ఆమె మెడలోని పూసల కిందినుంచి ఒక వెండి బిళ్ల పైకి తీసింది. రాహేలమ్మ దాన్ని ఆరేళ్లుగా చూస్తోంది. మాత్ర మింగే ముందు దానికి తాకించడం కూడా చూసింది. ఎల్లమ్మ బిళ్ల అనుకుంది. రాహేలమ్మ ఆరో ఏట నుంచి మిషన్ హాస్టల్లో పెరిగిన మనిషి. ఊళ్లలో మెడల్లో ఏముంటాయో ఎప్పుడూ అడగలేదు.

"గీమెనే భాగమ్మ. నేను మొగులమ్మను."

మెట్ల మీద ఎవరూ ఉలిక్కిపడలేదు. శంకరమ్మ తమలపాకు మడుచుకుంటోంది. ఊరంతటికీ తెలిసిన సంగతే అది. తెలియనిది చీటీలు పట్టుకుని వచ్చే మనిషికే.

మొగులమ్మ అడిగిన దానికల్లా తడుముకోకుండా చెప్పింది. భాగమ్మ రెండో కానుపుకు తల్లిగారింటికి పోయింది. మాయ పడక రక్తం పోయి మూడో నాటికి చచ్చిపోయింది. పసిబిడ్డ బతికింది. ఏడాది తిరక్కముందే మొగులమ్మను ఇచ్చి చేశారు. మొదటి పెళ్లాం పోయిన ఇంటికి వచ్చిన ఆడది ఆమె పేరున బిళ్ల చేయించి మెడలో వేసుకోవాలి. కొత్త చీరయినా కొత్త గింజయినా ముందు ఆమెకు చూపించి తర్వాత తాను ముట్టుకోవాలి. అలా చేయకపోతే ఆమె అలుగుతుంది, పిల్లలకు జ్వరం వస్తుంది.

"మరి భాగమ్మా అని పిలిస్తే నువ్వెందుకొచ్చినవ్?"

మొగులమ్మకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. కొంచెం సేపు చూసి, చిన్న పిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"ఆమె పేరు మీద సర్కారు మందొచ్చింది. ఆమెకు ముట్టాలె కదా. ఆమె యాడుంది? నా మెడల ఉంది. నేను రాకుంటె ఎవలొస్తరు?"

కానుపులెన్ని అని రాహేలమ్మ అడిగినప్పుడల్లా మొగులమ్మ పెద్దామెవీ తనవీ కలిపి చెప్పిందట. ఇద్దరివీ ఆ ఇంటి పిల్లలే కదా అంది.

"భాగమ్మ చనిపోయిందని ఒక్క మాట చెప్పాలె కదనే," అంది రాహేలమ్మ.

"నువ్వు అడగలే." తర్వాత కడుపు మీద చెయ్యి వేసుకుని, మామూలుగానే అంది. "రేపు నేను పోయిననుకో. నా ఎన్క వచ్చినామె మెడల ఇద్దరం ఉంటం. భాగమ్మా అని నువ్వు పిలుస్తవు, ఆమె వచ్చి కూసుంటది."

శంకరమ్మ ఊ కొట్టింది. రాహేలమ్మ లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది. పెన్సిల్ కింద పడితే మొగులమ్మే తీసి ఇచ్చింది. ఆ రోజు ఇంకా తొమ్మిది మందిని కొలవాల్సి ఉంది. కొలిచింది. ఎవరి ఎత్తు ఎంతో రాసింది కానీ ఎవరినీ ఏమీ అడగలేకపోయింది.

పన్నెండు రోజుల్లో మిగిలిన ఊళ్లు పూర్తయ్యాయి. రాత, కొలత పక్కపక్కన పెట్టి చూస్తే నూట పదహారు చీటీల్లో ఏడింటికి రెండంగుళాలకు మించి తేడా వచ్చింది. ఏడు ఇళ్లకూ రాహేలమ్మ మళ్లీ వెళ్లింది. ఒక చోట పాత నర్సు ఆరును తొమ్మిదిగా రాసింది. ఒకామెకు బావిలో పడి నడుం వంగింది. మిగతా అయిదుగురూ, మొగులమ్మతో కలిపి, రెండో పెళ్లాలు. మొదటి వాళ్లు అయిదుగురూ కానుపులోనే పోయారు. నలుగురు తల్లిగారింట్లో, ఒకామె ఇంట్లోనే.

తల్లిగారింట్లో పోయిన నలుగురి చీటీల మీద ఆ సంగతి వేరే మాటల్లో ఉంది. ఒక విడత "తల్లిగారింటికి పోయింది" అని, తరువాతి విడత "తిరిగి వచ్చింది" అని రాసి ఉంది. ఆ నాలుగింటిలో రెండు చోట్ల ఆ రాత రాహేలమ్మదే. ఒకటి 1957, ఒకటి 1959. అంటే ఆమె ఒక మనిషి బరువు చూసింది, ఏడాది తర్వాత ఇంకొక మనిషి బరువు చూసి తిరిగి వచ్చింది అని రాసింది. చావడిలో మగవాళ్లు తిరుగుతుంటారు కాబట్టి ఆడవాళ్లు కొంగు ముఖం మీదికి లాక్కుంటారు. నిజమే. కానీ వేలు పట్టుకుని సూది గుచ్చింది తానే కదా. ఆ మొదటి ఇద్దరి ముఖాలు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. తూకం ముల్లు ఎక్కడ ఆగిందో గుర్తొచ్చింది. ముఖాలు రాలేదు.

ఆ సోమవారం డాక్టరు మొహియుద్దీన్ వికారాబాదు వచ్చి ముసాఫిర్ బంగళాలో దిగాడు. నివేదిక మీద సంతకం పెట్టి హైదరాబాదు తీసుకుపోవడానికి వచ్చాడు. రాహేలమ్మ అయిదు చీటీలు బల్ల మీద పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన మధ్యలో ఆపలేదు. చాయ చల్లారిపోయింది.

"యా అల్లా," అన్నాడు చివరికి. చీటీలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. తర్వాత వాటిని ఒక పక్కకు జరిపాడు. ఇవి చెడిపోయిన చీటీలు, ఒక మనిషి పేరు మీద ఇంకో మనిషి రక్తం ఉంది, వీటిని లెక్కలోంచి తీసేయాలి, నియమం అదే అన్నాడు.

"తీసేస్తే ఏడో పట్టికలో ఎంతొస్తది సాబ్?"

ఆయనకు లెక్క వేయాల్సిన పని లేదు.

"సున్నా," అన్నాడు.

రాహేలమ్మ తాను అయిదు అంకె పట్టుకుని వచ్చాననుకుంది. ఆ అయిదుగురిని బయటికి పంపే తలుపు తానే తీసి పెట్టానని అప్పుడు తెలిసింది. చీటీలను మళ్లీ తన వైపుకు లాక్కుంది.

"సాబ్, వాళ్లు సచ్చిపోయినంకనే చీటీలు చెడిపోయినయి. సచ్చిపోయే దినం దాక అవి మంచి చీటీలే. అప్పటి దాక మనం ఎంచుకున్నోళ్లే వాళ్లు. మన చీటీ మీద ఉండంగనే సచ్చిన్రు."

డాక్టరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె చెప్పినదాంట్లో తప్పు వెతుకుతున్నాడని, దొరకడం లేదని రాహేలమ్మకు కనిపించింది. ఆయన చెడ్డవాడు కాదు. పదేళ్ల పని ఆ బల్ల మీద ఉంది. అందులో ఆయన పేరు మొదటి పుటలోనే ఉంది.

"నిజమే చెప్తున్నవ్," అన్నాడు. "చచ్చిన తేదీ దగ్గర చీటీ మూయాలె. అయిదు అని రాయాలె. రాస్తే ఆరేండ్ల నుంచి నువ్వేం చూసినవ్ అని నిన్నడుగుతరు. నన్ను కూడా అడుగుతరు. నీకీ పని ఉండకపోవచ్చు."

"అడగనియ్యిండ్రి," అంది.

ఆయన కలం మూత తీసి ఏడో పట్టిక మీద పెట్టాడు. సున్నాను కొట్టేయలేదు. కలం అలాగే పట్టుకుని తలెత్తాడు.

"రాహేలమ్మా, ఎత్తు తేడా వచ్చినోళ్లనే అడిగినవా?"

అవునంది.

"మరి ఎత్తు తేడా రానోళ్ల సంగతేంది?"

ఆయన అడిగింది ఆమెకు రెండు క్షణాల తర్వాత ఎక్కింది. పొట్టి దాని స్థానంలో పొడుగుది వస్తే చెక్క పట్టిచ్చింది. సమానమైన మనిషి వచ్చి ఉంటే చెక్క ఏం చెబుతుంది? నూట తొమ్మిది మంది ఉన్నారు. వాళ్ల రాత, కొలత కలిశాయని వాళ్లను తాను కట్ట కట్టి పెట్టెలో పెట్టింది. అయిదు అన్నది చివరి అంకె కాదు, మొదలు.

డాక్టరు కలం మూసేశాడు. నివేదిక పది రోజులు ఆపుతానన్నాడు. ఎక్కువ ఆపడం తన చేతిలో లేదన్నాడు. పెట్టె ఎత్తుకుని రాహేలమ్మ మరుసటి పొద్దున బండికి తాండూరులో దిగింది.

మొదటి చీటీ తాండూరు పాత ఊళ్లోని కాశమ్మది. టేషను నుంచి నడిచి పోయేంత దూరం. నాపరాళ్ల గనిలో పనిచేసే కిష్టప్ప భార్య. పల్లెలకు పోయే ముందు రాహేలమ్మ ప్రతి విడతా ఈ ఇంట్లోనే రొట్టె తినేది. పన్నెండు విడతలు తిన్నది. కాశమ్మ ఎత్తు రాతకూ కొలతకూ అరంగుళం కూడా తేడా రాలేదు. ఏ కట్టలోంచి తీసినా ఈ చీటీ మీద రాహేలమ్మకు అనుమానం వచ్చేది కాదు. నంబరు ఒకటి కాబట్టి ముందు ఇక్కడికి వచ్చింది.

కాశమ్మ జొన్నరొట్టె తడుతోంది. పీట వేసింది, గనికి పోయే వాళ్లకు పచ్చిపులుసు చేశాను, నీక్కూడా వేస్తానంది. రాహేలమ్మ పీట మీద కూర్చోలేదు. పెట్టె కింద పెట్టి, తలుపు దగ్గరే నిలబడి అడిగింది.

"నీ పేరేంది?"

రొట్టె తడుతున్న చేతులు ఆగాయి. ఆమె ఎగతాళి అనుకుంది మొదట. తర్వాత రాహేలమ్మ ముఖం చూసి చేతుల పిండి దులుపుకుంది.

"ఇన్నేండ్లకు అడిగినవా అక్కా," అంది. "బుగ్గమ్మ."

రాహేలమ్మ తలుపు దగ్గరే కింద కూర్చుని ఒకటో చీటీ తీసింది. బుగ్గమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగించి, పక్కనే చతికిలబడింది. కాశమ్మ ఎప్పుడు పోయిందని రాహేలమ్మ అడిగింది.

"నేనింకా రాకముందు. మూడో కానుపుల. గీడ మంత్రసానితోని కాలేదు. వికారాబాదు దవఖానకు తోల్కపోదామని టేషనుకు మోస్కపోయిన్రంట. బండి రెండు గంటలు లేటు. ఆడ బండల మీద పండబెట్టిన్రు." బుగ్గమ్మ పొయ్యి వైపు చూసింది. పెనం మీది రొట్టె మాడుతోంది. లేవలేదు. "బండి వచ్చినంక ఎక్కియ్యలేదంట. అప్పటికే అయిపోయింది."