సరేలో ఏత్వం

పొద్దున్నే కాఫీలయ్యాక ఆ ఇంట్లో ముగ్గురూ ముందుగదిలోని పొడుగు బల్ల దగ్గర చేరేవారు. ఒక చివర కొడుకు కంప్యూటరు, దాని పక్కన కోడలి కంప్యూటరు, ఆ పక్కన అత్తగారి కుర్చీ, అవతలి చివర గోడకి ఆనించిన ట్యాబు. అత్తగారికి కంప్యూటర్లతో పనేమీ లేదు. కిటికీ వెలుతురు సరిగ్గా అక్కడే పడుతుంది గనక స్వెట్టరు అల్లుకోవడానికి అక్కడ కూర్చునేది. ఎవరి కోసమని అడిగితే, పూర్తయ్యాక ఎవరికి పడితే వాళ్ళకి అనేది.

కొడుకుది ఒక కంపెనీలో ఫోను సపోర్టు ఉద్యోగం. కంప్యూటరు మొరాయించినవాళ్ళు ఫోను చేస్తే ఓపిగ్గా దారి చెబుతాడు. కోడలు పరాయి భాషల సినిమాలకి సబ్‌టైటిల్స్ రాస్తుంది. ఎవరెవరో ఏడ్చి, అరిచి, తుపాకులు పేల్చుకుంటుంటే ఈవిడ కింద రెండు వరసల్లో దాని సారాంశం రాసి పెడుతుంది.

కొడుకు మంచివాడు. ఆ మాట నలుగురూ అన్నప్పుడల్లా కోడలికి ఒళ్ళు మండేది, ఎందుకంటే ఆ మంచితనమంతా "సరే" అనే ఒక్క మాటలోనే ఉంది. పై వాటావాళ్ళు ఊరికెళ్తూ తమ కుక్కనీ, చేపల తొట్టినీ, ముసలి తాతగారినీ చూసుకోమంటే సరే అన్నాడు. మంగలి "ఇంకాస్త తీసెయ్యనా" అంటే సరే అని, ప్రతిసారీ దాదాపు గుండుతో ఇంటికొస్తాడు. ఆఫీసులో ఆయన్ని "సరే" అనే పిలుస్తారు. పిలిస్తే "సరే" అనే పలుకుతాడు.

కొన్నాళ్ళు నైట్‌షిఫ్ట్ చెయ్యమంటే దానికీ సరే అన్నాడు. ఆ కొన్నాళ్ళు రెండేళ్ళయ్యాయి. కోడలు లేచేసరికి ఆయన పడుకునేవాడు, ఆయన లేచేసరికి ఆవిడ కళ్ళు మూతలు పడేవి. ఒకే మంచాన్ని వంతుల మీద వాడుకున్నారు. ఈమధ్యే మళ్ళీ పగటి పనికి మార్చారు. మెలకువగా ఉన్న మొగుడి పక్కన కూర్చుని, కాఫీలో చక్కెర తక్కువైందని దెప్పించుకోవడం ఇంత సుఖంగా ఉంటుందని ఆవిడ మరిచేపోయింది.

ఆ కాఫీయే ఒకరోజు ఆయన కీబోర్డు మీద పడి దాని కొంప ముంచింది. పక్కనే ఉన్న మౌసుకీ అదే గతి పట్టింది. "కంగారేం లేదు, నీ కీబోర్డూ మౌసే అన్నిటికీ కలిపేస్తాను" అన్నాడాయన. రోజూ ఫోనులో జనానికి చెప్పే పనే అది. మౌసుతో కదిలే బాణం గుర్తుని ఒక తెర అంచుకి తోస్తే పక్క తెర మీద తేలుతుంది. బాణం ఎక్కడుంటే టైపు చేసింది అక్కడ పడుతుంది.

రెండు కంప్యూటర్ల మధ్యా బ్రహ్మాండంగా నడిచింది. ట్యాబు దగ్గరే చిక్కొచ్చింది. చిన్న తెర మీద సబ్‌టైటిల్స్ ఎలా ఉన్నాయో చూసి దిద్దుకోవడానికి కోడలికి ట్యాబు కావాలి. బాణాన్ని తన తెర కుడి అంచుకి తోసింది. అది తెర దాటి, గాలిలో తేలుతూ వెళ్ళి అత్తగారి భుజమ్మీద వాలి, చెంప మీదికి పాకి, అక్కడ ఆగిపోయింది. కోడలు చూసుకోకుండా టైపు చేసేసింది.

"కదిలావంటే కాల్చి పారేస్తాను" అంది అత్తగారు, అల్లిక మీంచి చూపు తిప్పకుండా.

"అయ్యో, మీకు పడింది అత్తయ్యా."

"పడితే పడింది గానీ, కాల్చేవాడు అంత పొడుగ్గా మాట్లాడడమ్మాయ్. ‘కదలకు’ అంటే చాలదూ?"

కోడలు బ్యాక్‌స్పేస్ నొక్కుతూ పోయింది. అన్న మాట చివర్నించి కొంచెం కొంచెంగా కరిగి, ఎవరూ ఏమీ అననట్టే అయిపోయింది. "కదలకు" అంది అత్తగారు మళ్ళీ. నిజమే, అదే బాగుంది.

చిక్కల్లా ఏమిటంటే, బాణం అక్కడుండగా అత్తగారు సొంతంగా అన్న మాటలు కూడా చెరిగిపోయేవి.

"నేనడిగిన టీ ఏమైందమ్మాయ్?"

"మీరు అడగలేదత్తయ్యా."

"అడిగాను. నువ్వే చెరిపేశావు."

ఒకరోజు పై వాటా ఆవిడ పలకరించడానికొచ్చి అదే కుర్చీలో కూర్చుంటే ఆవిడకీ ఓ ప్రేమ సన్నివేశం పడింది. ఇక లాభం లేదని కొడుకు కుర్చీ లాక్కుని కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా?"

"మేడమేంటి, మీ పెళ్ళాన్ని."

"అలవాటు. చేశావా?"

చేసింది. అన్నీ ఒకే వైఫై మీదున్నాయి. బ్లూటూత్ వెలుగుతోంది. అప్‌డేట్లు అయ్యాయి. ట్యాబుని ఆపి మళ్ళీ లేపాడు. అనుమానం తీరక తల్లిని కూడా కాసేపు పడుకుని లేవమన్నాడు. ఆవిడ హాయిగా ఓ కునుకు తీసి వచ్చింది. ఆవిడకి బాగుంది గానీ బాణానికేమీ తేడా లేదు.

చివరికి సెట్టింగులు తెరిచాడు. బల్ల మీద ఏది ఎక్కడుందో చూపించే బొమ్మ అందులో ఉంటుంది. వరసగా నాలుగు పెట్టెలు కనిపించాయి. మొదటి రెండూ వాళ్ళ కంప్యూటర్లు, మూడోది ట్యాబు. చిట్టచివరిదాని మీద ‘పేరులేని పరికరం’ అని ఉంది.

"అదీ సంగతి" అన్నాడు. "అమ్మేమో మధ్యలో కూర్చుంటోంది, బొమ్మలో చివర ఉంది. అమ్మ దాటాక ఇంకేమీ లేదనుకుని బాణం ఆగిపోతోంది. అమ్మని కాస్త ఎడమకి జరపాలి."

"నేను జరగను. వెలుతురు ఇక్కడే ఉంది" అంది తల్లి.

"నిన్ను కాదమ్మా, బొమ్మలో."

"బొమ్మలో ఎక్కడికైనా జరుపుకో. పేరు కూడా పెట్టి చావు, పేరులేనిదాన్నా నేను?"

పెట్టెని మధ్యకి లాగి ‘అమ్మ’ అని పేరు పెట్టాడు. కోడలు మౌసు తోసింది. బాణం అత్తగారి ఎడమ చెంప ఎక్కి, ముక్కు దాటి, కుడి చెవి పక్కనుంచి దిగి, ట్యాబులోకి దూకింది. ఆవిడ ముక్కు గోక్కుని ఇంకో వరస అల్లింది.

ఆ సంతోషం మధ్యాహ్నం దాకా నిలవలేదు. భోజనాలయ్యాక వీడియో కాల్ చేస్తానని మేనేజరు కబురు పెట్టాడు. రాత్రి జట్టులో ఇద్దరు మానేశారని కొడుక్కి ముందే తెలుసు. మేనేజరు ఏమడుగుతాడో ముగ్గురికీ అర్థమైంది.

కోడలు పళ్ళేలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే అంది. "మీకు ఇష్టమైతే చెయ్యండి, నేను ఆపను. మొహమాటానికి పోయి సరే అన్నారంటే మాత్రం నేను మా అన్నయ్య వాళ్ళింటికెళ్ళి అక్కణ్ణించి పని చేసుకుంటాను. నిద్రపోతున్న మనిషితో ఇంకో రెండేళ్ళు కాపురం చెయ్యలేను."

"సరే" అన్నాడాయన.

అని నాలిక్కరుచుకున్నాడు. పళ్ళెం మీద నీళ్ళు పడుతూనే ఉన్నాయి, ఆవిడ కడగడం లేదు.

ఆయన అవతలికి వెళ్ళాక అత్తగారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "దీనికింత ఆలోచనెందుకే? వాడు నా కుర్చీలో కూర్చుని మాట్లాడతాడు. నువ్వు ‘కుదరదు’ అని కొట్టెయ్. వాడు అనేస్తాడు. నేను కాల్చి పారేస్తాననలా?"

కోడలికి ఆ ఆలోచన రాకపోలేదు. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ నోళ్ళ కింద మాటలు రాసే మనిషి, మొగుడి నోట్లో ఒక్క మాట పెట్టలేకా? "ఈ ఒక్కసారికీ నేను కొడితే, రేపట్నించి ఆయన బదులు నేనే మాట్లాడుతుండాలి అత్తయ్యా. ఇప్పటిదాకా ఊరందరి మాటా విన్నాడు. రేపు నా మాటే అంటాడు. అందులో ఆయన మాట ఏదీ?" అంది. అత్తగారు ఇదీ ఓ చిక్కేనని పడుకుని లేవడానికి వెళ్ళింది. ఆవిడకి అది బాగా అలవాటైపోయింది.

కాల్ ట్యాబులో వచ్చింది. కొడుకు తల్లి కుర్చీలో కూర్చుని ట్యాబు వైపు తిరిగాడు. కోడలు తన తెర మీద పని చేసుకుంటున్నట్టు కూర్చుంది. బాణం ఎటో పోతూ ఆయన చెవి దగ్గర ఆగింది. దాన్ని వెనక్కి లాగేద్దామనుకుంటూనే లాగకుండా ఉండిపోయింది.

"ఏమయ్యా, నీలాంటివాడు ఆఫీసులో ఇంకొకడు లేడు" అంటూ మొదలుపెట్టాడు మేనేజరు. అలా మొదలైన మాట ఎక్కడికెళ్తుందో ఆ ఇంట్లో గోడలకి కూడా తెలుసు. రాత్రి జట్టు కష్టాలు చెప్పాడు. ఒక్క ఏడాదే అన్నాడు. "నిన్ను తప్ప ఎవర్నడుగుతాను చెప్పు? వచ్చే వారం నుంచి వేసేస్తున్నాను. ఏమంటావ్?"

కొడుకు ఒకసారి భార్య వైపు చూశాడు. పాపం, ఆయన నిజంగానే ఇంకేదో అందామనుకున్నాడు. కానీ నోటికి తెలిసిన దారి ఒకటే.

"సరే" అన్నాడు.

కోడలి వేలు దానంతటదే బ్యాక్‌స్పేస్ మీద పడింది. ఒక్కసారే పడింది. పొద్దున్నించీ రాత్రిదాకా ఇదే పని చేసే మనిషి, ఆ కంగారులో అసలు సంగతి మరిచిపోయింది. ఒక్క నొక్కుకి అక్షరం పోదు, దాని గుణింతమే పోతుంది. సరేలో ఏత్వం పోయింది. మిగిలింది గాలిలో నిలబడింది.

"సర..."

"ఆఁ, సర్ అన్నావు, చెప్పు" అన్నాడు మేనేజరు.

సరే అంటే మాట అయిపోతుంది. సర్ అంటే ఇంకా ఏదో చెప్పాలి. అవతల మనిషి తెరకి చెవి దగ్గర పెట్టి ఎదురుచూస్తున్నాడు. కోడలు గబుక్కున బాణాన్ని తన తెర మీదికి లాక్కుని, కీబోర్డు మీంచి రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకుంది. మొగుడు ఏమంటాడో తెలియకుండా ఆవిడ ఎదురుచూడటం పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

"సర్..." అన్నాడు కొడుకు. "రాత్రిళ్ళు నాకు నిద్రొస్తుందండి."

"అందరికీ వస్తుందయ్యా."

"అవునండి. అందరూ పడుకునేటప్పుడే నేనూ పడుకుందామనుకుంటున్నానండి. మా ఆవిడ కూడా అప్పుడే పడుకుంటుంది."

మేనేజరు తెరకి దగ్గరగా జరిగి, సరైన మనిషికే కాల్ చేశానా అని పేరు చూసుకున్నాడు. "అంటే చెయ్యనంటావా?"

"చెయ్యనండి." ఆ మాట బయటికొచ్చాక దాన్ని తనే విని, ఇంకోసారి కాస్త గట్టిగా అన్నాడు. "చెయ్యనండి. పగలైతే ఎంత పనైనా చేస్తాను."

ఇన్నేళ్ళలో ఈ మనిషికి జవాబు చెప్పాల్సిన అవసరం మేనేజరుకి ఎప్పుడూ రాలేదు. వెతుక్కుంటే దొరికింది ఒక్కటే మాట.

"సరే" అన్నాడు మేనేజరు. తెర నల్లబడింది.

కొడుకు చాలాసేపు ఆ కుర్చీలోంచి లేవలేదు. చివరికి భార్య వైపు తిరిగి, అనుమానంగా అడిగాడు.

"నిజం చెప్పు. అదంతా నువ్వే కొట్టావు కదూ?"

ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తల అడ్డంగా ఊపింది.

"ఒక్క ఏత్వం తీశానంతే. మిగతాదంతా మీరే."