ఒక్క పూట నీళ్ళు

గుంటూరులో పెద్దకాలవ పక్క సందులో అరవై నాలుగు ఇళ్ళు. మంచం అడ్డంగా మోసుకెళ్తే రెండువైపులా గోడలు గీరుకుపోయేంత ఇరుకు. ఆ సందు తలుచుకుంటే బిందుమాధవికి జాలి కంటే కోపమే ఎక్కువ వస్తుంది. కిందటేడు వానలకి మూడు రోజులు ఇక్కడికి మంచినీళ్ళు రాలేదు. కాలవ నీళ్ళు వడగట్టుకు తాగి, జయరావుగారి ఆరేళ్ళ మనవరాలు ఆసుపత్రికి వెళ్ళింది, తిరిగి రాలేదు. రేషను జాబితాలోంచి ఆ పేరు తీసేసింది వార్డు ఉద్యోగి బిందుమాధవే. అందుకే ఈసారి సర్వే తనకే కావాలని అడిగి మరీ వేయించుకుంది.

సర్వేలో అసలు ప్రశ్న ఒక్కటే, దాన్నే ఇరవై రకాలుగా తిప్పి అడిగారు. బయటి సాయం ఆగిపోతే ఈ ఇల్లు ఎన్నాళ్ళు నిలబడగలదు? తక్కువ రోజులు తేలిన సందుకి నీళ్ళ ట్యాంకు కడతారట. వార్డు మొత్తానికీ ఒక్కటే ట్యాంకు. అది ఈ సందుకే రావాలని ఆమె పంతం.

తీరా మొదటి ఇంట్లోనే మతి పోయింది. మిర్చి యార్డులో కూలికి మిరపకాయల తొడిమలు తీసే కోటేశ్వరి, "మాకేం తక్కువమ్మా" అంటూ ఆవకాయ జాడీ, బియ్యం బస్తా, నిండు నీళ్ళ క్యానూ చూపించి, గ్లాసుడు నీళ్ళు చేతిలో పెట్టింది. రెండో ఇంట్లోనూ బస్తా, క్యాను, గ్లాసు. మూడో ఇంట్లోనూ అంతే. ఏం చేస్తుంది, ఫోనులో ఎక్కించుకుంది. ఐదో ఇంట్లో క్యాను మూత మీద పసుపు వేలిముద్రలు కనపడ్డాయి. కోటేశ్వరి ఇంట్లో చూసినవే. పెరటి గోడ దగ్గర ఎవరో గొంతు తగ్గించి, "త్వరగా అందుకోవే, ఆవిడ వచ్చేస్తోంది" అంటున్నారు.

బిందుమాధవికి ముందు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. వెనక్కి వెళ్ళి కోటేశ్వరిని నిలదీసింది.

"ఎందుకండీ పిన్నిగారూ ఈ నాటకం? లేవని చెబితే ట్యాంకు వస్తుంది గదా!"

కోటేశ్వరి తల దించుకోలేదు. "అవతలి పేటవాళ్ళూ లేవనే చెప్పారమ్మా. మనుషులు ఉండటానికి ఆ చోటు పనికిరాదని రాసి, వాళ్ళని ఇరవై కిలోమీటర్ల అవతల పడేశారు. యార్డుకి రావాలంటే రెండు ఆటోలు మారాలి. సగంమంది పని మానుకున్నారు. మాకు బాగానే ఉందని రాసుకోమ్మా, నీకు దణ్ణం పెడతా."

"అలా ఏం జరగదండీ. నేనున్నాను గదా," అంది బిందుమాధవి.

ఆ మాట ఇవ్వడానికి తనకేం అధికారం ఉందో ఆలోచించనే లేదు. జయరావుగారి మనవరాలి ముఖమే కళ్ళముందు ఉంది. ఎక్కించినవన్నీ చెరిపేసి, అరవై నాలుగు ఇళ్ళకీ ఒక్క పూట నీళ్ళు అని కొట్టి పంపేసింది. ఆ రోజు గర్వంగానే ఇంటికి వెళ్ళింది.

నెల తిరక్కుండా జాబితా వచ్చింది. వార్డులో అట్టడుగున ఈ సందే ఉంది. ట్యాంకు మాత్రం పక్క వీధికి ఇచ్చారు, ఇక్కడ కట్టడానికి చోటు లేదట. ఈ సందుకి వేరే కాగితం వచ్చింది. దాన్ని గోడకి అంటించాల్సిందీ బిందుమాధవే. దొంగతనానికి వెళ్ళినట్టు బిక్కుబిక్కుమంటూ వెళ్ళింది.

చేతిలో కాగితం చూసి కోటేశ్వరి కంగారుగా ఎదురొచ్చింది. "ట్యాంకు కాగితమేనా అమ్మా?"

"కాదండీ. తొంభై రోజుల్లో ఖాళీ చెయ్యమని."

"నీళ్ళు లేవని రాసేశావా?"

"రాశానండీ. ఉన్నమాటే రాశాను."

కోటేశ్వరి అరుస్తుందనుకుంది. అరవలేదు.

"మూడు రోజులు దాహానికి ఎట్లాగో తట్టుకుంటాం. అంత దూరం పోతే కూలి లేకుండా ఎన్నాళ్ళు బతుకుతామమ్మా? అది అడిగావా నువ్వు?"

బిందుమాధవి అడగలేదు. ఆ ప్రశ్న సర్వేలో లేదు.